పండు ధరలో ఎవరి వాటా ఎంత?

ఉంగుటూరు నుంచి నూజివీడు వైపు మామిడి తోటలన్నీ ఇప్పుడు పిందె మీదున్నాయి. ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పే నేను ఏటా ఈ రోజుల్లోనే పిల్లలకు ఒక పని అప్పజెబుతాను. బంగినపల్లి పండుకు పట్నంలో కొనేవాళ్లు ఇచ్చే డబ్బు దారిలో ఎవరెవరి చేతికి చేరుతుందో ఇంట్లో అడిగి రాసుకు రమ్మంటాను. చీటీ మీద పేరు రాయొద్దని ముందే చెబుతాను. ఏ బిడ్డా తన ఇంటి కూలి డబ్బు చెప్పడానికి తలదించుకోకూడదు.

చీటీలు విప్పితే ఊరంతా నల్లబల్ల మీదికొస్తుంది. ఒకరి నాన్న అప్పటి అవసరం కొద్దీ తోటను పూత మీదే గుత్తకిచ్చేశాడు. తర్వాత ధర పెరిగినా ఆయనకు దక్కలేదు. ఒకరి అమ్మ కాయలకు జీడి అంటకుండా తుడిచి ట్రేలలో సర్దే కూలికి వెళ్తుంది. ఒకరి మామయ్య నున్న మార్కెట్‌కు వ్యాను తోలతాడు. కమీషను, హమాలీ, కిరాయి, తూకంలో తరుగు వరుసగా పడతాయి. గాలివానకు కాయ రాలితే గుత్తదారు కూడా మునుగుతాడని పిల్లలే గుర్తుచేస్తారు. ఇందులో దొంగను వెతకడం నా ఉద్దేశం కాదు. కష్టం ఎవరిది, నష్టభయం ఎవరిది, వాటా ఎవరిది అన్న మూడు ప్రశ్నలు కలిపి అడగడం నేర్పాలన్నదే నా తపన.

ఫెయిర్ ట్రేడ్ (న్యాయమైన వ్యాపారం) గురించి ఆ తర్వాతే చెబుతాను. మెక్సికో కాఫీ రైతుల కోసం 1988లో నెదర్లాండ్స్‌లో మ్యాక్స్ హవెలార్ అనే ముద్ర మొదలైంది. ఆ బాటలో వచ్చిన ఫెయిర్‌ట్రేడ్ పద్ధతిలో చాలా పంటలకు కనీస ధర ఉంటుంది, మార్కెట్ పడిపోయినా రైతుకు అంతకు తగ్గదు. ఆపైన సంఘానికి కొంత అదనపు సొమ్ము వస్తుంది. దాన్ని దేనికి ఖర్చు పెట్టాలో సభ్యులే కూర్చుని తేల్చుకుంటారు. ఆదిలాబాద్ పత్తి రైతులు చేత్నా ఆర్గానిక్ ద్వారా ఈ బాట పట్టారు. అరకు గిరిజన రైతులు నాంది ఫౌండేషన్ తోడుతో సహకార సంఘంగా నిలబడితే, వాళ్ల కాఫీ 2017లో పారిస్‌లో సొంత దుకాణం దాకా వెళ్లింది.

అదే 2017లో మన బంగినపల్లికి భౌగోళిక గుర్తింపు దక్కింది. దాంతో పేరుకు రక్షణ వచ్చింది కానీ, ధరకు రాలేదు. 2025లో చిత్తూరు వైపు తోతాపురి ధర కుప్పకూలినప్పుడు కిలోకు 12 రూపాయలు అందేలా రాష్ట్ర ప్రభుత్వం లెక్కకట్టింది. అందులో 8 రూపాయలు ఫ్యాక్టరీలు, 4 రూపాయలు ప్రభుత్వం ఇవ్వాలన్నది ఆ లెక్క. కనీస ధర ఎందుకు కావాలో చెప్పడానికి నాకు ఇంతకన్నా దగ్గరి పాఠం దొరకలేదు.

న్యాయమైన ధర అంటే ఏమిటని తరగతిలో చర్చ పెడితే ఎక్కువ ఇవ్వడమేనని మొదట అందరూ అంటారు. కాసేపటికి కూలి ఇళ్ల పిల్లలు గొంతు విప్పుతారు. చెప్పిన రోజుకు డబ్బు ఇవ్వడం కూడా న్యాయమేనంటారు. బాకీ కోసం తిరిగిన ఇంటికే ఆ మాట విలువ తెలుస్తుంది. అందుకే మా లెక్కలో ధర పక్కన చెల్లింపు తేదీకి కూడా ఒక గడి గీస్తాం.

అలాగని రైతులకు సాయం పేరుతో పిల్లలను చందాలకు పంపడం నాకు ఇష్టం లేదు. న్యాయం దానధర్మంగా మారితే రైతు చెయ్యి చాచినట్టూ, బడి ఉదారంగా ఇచ్చినట్టూ అయిపోతుంది. బడి ఎలాగూ కొంటూనే ఉంటుంది. ఆగస్టు 15కు మిఠాయిలు, స్టాఫ్ రూమ్‌కు కాఫీ పొడి, యూనిఫాంకు గుడ్డ, వార్షికోత్సవానికి పండ్లు కొంటాం. వాటిలో ఒక్కటైనా ఎవరు చేశారో, వాళ్లకు ఎంత అందిందో తెలుసుకుని కొనొచ్చు.

ఉపాధ్యాయులకు, తల్లిదండ్రుల కమిటీలకు నా విన్నపం ఒక్కటే. ఈసారి వేసవి సెలవులకు ముందు బడిలో పండ్లు పంచదలిస్తే దగ్గర్లోని రైతు దగ్గరే కొనండి. బేరం పిల్లల ముందే మాట్లాడండి, కోత కూలి, కిరాయి విడిగా రాయించండి, డబ్బు అదే రోజు చేతిలో పెట్టండి. ఆ లెక్కను నోటీసు బోర్డు మీద అంటించండి.