వార్ధక్య పరిశోధన: కాఫీ నేర్పిన పాఠము

ఎడింబరో విశ్వవిద్యాలయపు వార్ధక్య పరిశోధకులకు అరుదైన నిధి యొకటి దొరికినది. 1936లో పుట్టిన స్కాట్లండు బాలబాలికలు 70,805 మంది 1947 జూన్ 4వ తేదీన వ్రాసిన బుద్ధిపరీక్ష మార్కులు భద్రముగా నున్నవి. ఆ యేట పుట్టినవారిలో 1,091 మందిని 2004 మొదలు చేర్చుకొని, వారి జ్ఞాపకశక్తిని, ఆలోచనాశక్తిని మరల మరల కొలుచుచు వచ్చిరి. వారిలో అత్యధికులు ఆనాటి పరీక్ష వ్రాసినవారే.

డెబ్బది యేండ్ల వయస్సున కాఫీ, టీల ద్వారా కెఫీన్ ఎక్కువగా పుచ్చుకొనువారికి మార్కులు ఎక్కువ వచ్చినవి. కాఫీ మెదడునకు మేలని చెప్పుటకు ఇది చాలునా? పదునొకండవ యేటి మార్కులను, సాంఘికస్థితిని లెక్కలోనికి తీసికొనగా ఆ సంబంధము చాలవరకు మాయమైనదని 2010లో ప్రకటించిరి. చిన్ననాడు చురుకైనవారు చదువుకొని, మంచి ఉద్యోగములు పొంది, కాఫీకి అలవాటుపడి యుండవచ్చును; ముసలితనమునను మార్కులు వారికే ఎక్కువ.

ఇట్టి ఫలితములను పరిశోధకులు ఉపన్యాసముల ద్వారా, సులభరచనల ద్వారా ప్రజలకు అందించుట మెచ్చదగినది. కాని ఇందొక చిక్కు కలదు. 'లెక్కలోనికి తీసికొనగా' అను మాటలలోనే శాస్త్రమంతయు ఇమిడియున్నది. వార్తను కుదించునపుడు మొదట జారిపోవునవి ఆ మాటలే, మిగులునది కాఫీ. చిన్ననాడు సమానమైన మార్కులు పొందినవారిని మాత్రమే తీసికొని, కాఫీ త్రాగువారిని, త్రాగనివారిని పోల్చి చూపినచో సామాన్యునకు సులభముగా బోధపడును. మరియొకటి: స్వచ్ఛందముగా వచ్చిన ఈ వృద్ధులు సగటువారికంటె ఆరోగ్యవంతులు. ఆ సంగతిని ఫలితముతోబాటే చెప్పవలెను.

ఫలితము మాత్రమే విన్నవాడు రేపు వచ్చు మరొక వార్తను కూడ అట్లే నమ్మును. పద్ధతి తెలిసిన విద్యార్థి ప్రశ్నించును. ఉపాధ్యాయులు ఈ ఉదాహరణమును నల్లబల్లపై వేసి చూపదగును.