ఆటపాక పడవలో మోనోపాడ్

కొల్లేటి పక్షుల కోసం ఏలూరు నుంచో తాడేపల్లిగూడెం నుంచో బయల్దేరేవాళ్లు ట్రైపాడ్ ఇంట్లో వదిలి మోనోపాడ్ పట్టుకెళ్లడం మేలు. కొల్లేటి ఒడ్డున ఉన్న ఆటపాకలో పడవెక్కితే కారణం తెలుస్తుంది. మూడు కాళ్లు చాపే చోటుండదు. ఉన్నా, పడవ ఊగినప్పుడల్లా కెమెరా కూడా ఊగుతుంది. ఒంటికాలి స్టాండైతే బరువు అది మోస్తుంది, ఊపును మన నడుమూ మోకాళ్లూ సర్దుకుంటాయి.

కొల్లేరు 1999లో అభయారణ్యమైంది. అటవీశాఖ నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. వాటి దగ్గరికి పోకూడదు కనుక 400 ఎం.ఎం. లాంటి పొడవాటి లెన్సే గతి. దాన్ని గంటసేపు చేతులతో ఎత్తి పట్టుకుంటే భుజాలు వణుకుతాయి, ఆ వణుకంతా ఫొటోలో కనిపిస్తుంది.

మంచి మోనోపాడ్‌ని బరువు చూసి మెచ్చుకునేవాళ్లే ఎక్కువ. నాకు మాత్రం దాని పనితనమంతా గొట్టాలు కలిసేచోట ఉండే బిగింపు ఉంగరంలో కనిపిస్తుంది. పైకి రబ్బరు చుట్టిన మామూలు ఉంగరమే. విప్పి చూస్తే లోపల చీలికలున్న ప్లాస్టిక్ తొడుగు ఒకటి, దాని అంచు ఏటవాలుగా చెక్కి ఉంటుంది. ఉంగరం తిప్పేకొద్దీ ఆ అంచు పై గొట్టం మూతిలోకి దూరుతూ లోపలి గొట్టాన్ని చుట్టూ సమానంగా నొక్కుతుంది. గొడ్డలి కామకు చీల కొట్టి బిగించినట్టే. 1917లో ఫ్రాన్సులో మొదలైన గిట్జో కంపెనీ ఈ పనిని ఇంకా ముందుకు తీసుకెళ్లింది. వాళ్ల జీ-లాక్‌లో పైనుంచి బరువు పడేకొద్దీ పట్టు మరింత బిగుస్తుంది. జారిపోవాల్సిన బరువే జారకుండా ఆపుతుంది! ఎంత చక్కటి ఆలోచన. మడిచినప్పుడు ఉంగరాలన్నీ పక్కపక్కన చేరతాయి కనుక ఒక్క పిడికిట పట్టి తిప్పితే అన్నీ వదులవుతాయి. పక్షి లేచేలోపు స్టాండు సిద్ధం.

గొట్టాలకు కార్బన్ ఫైబరే నా ఎంపిక. అల్యూమినియం కన్నా తేలిక, అదురును త్వరగా చల్లార్చుతుంది, తుప్పు మాటే లేదు. ధర ఎక్కువే. నాలుగు భాగాలది చాలు. ఐదైతే మడిచినప్పుడు పొట్టిగా రైలు సంచిలో ఇముడుతుంది గానీ, అట్టడుగు గొట్టం మరీ సన్నబడి లెన్సు బరువుకు వంగుతుంది. తెరిస్తే కంటి ఎత్తు తప్పక రావాలి. పైన బాల్ హెడ్ అనవసరం. ముందుకీ వెనక్కీ మాత్రమే వంగే టిల్ట్ హెడ్ చాలు, పక్కలకు తిరగడానికి మనమే ఉన్నాం.

పడవ ఇంజిను నడుస్తుంటే స్టాండు కాలు చెక్క మీద పెట్టొద్దు, అదురంతా పైకెక్కుతుంది. బూటు మీద ఆనించాలి. చేపల చెరువు గట్టు మీదైతే సన్నటి మేకు కాలు బురదలో దిగబడుతుంది, వెడల్పాటి రబ్బరు కాలే నయం.

కొల్లేటి బురద ఉంగరాల్లో చేరితే తిప్పినప్పుడల్లా గరగరమంటుంది. మంచి రకానికి ఏ పనిముట్టూ అక్కర్లేదు, చేత్తోనే గొట్టాలు ఊడదీసి మంచినీళ్లతో కడిగి ఆరబెట్టొచ్చు. తిరిగి దూర్చేటప్పుడు లోపలి గొట్టం పైకొసను ఉండే ప్లాస్టిక్ చిప్పల బొడిపెలు గొట్టం చిల్లుల్లో సరిగ్గా కూర్చున్నాయో లేదో చూసుకుని, ఆ తర్వాతే ఉంగరం బిగించాలి.