వెంట్రుకవాసి ముందు

డ్రమ్ మెషీన్లలో ‘టైమింగ్ కరెక్ట్’ అని ఒక సదుపాయం ఉంటుంది. ప్యాడ్ మీద వేలు కాస్త అటూఇటూగా పడినా, ఆ దెబ్బని మెషీనే పట్టుకెళ్లి కొలతగీత మీద కూర్చోబెడుతుంది. డెట్రాయిట్ ప్రొడ్యూసర్ జె డిల్లా ఆ సాయం అక్కర్లేదని ఆపేశాడనీ, అతని బీట్‌లోని తూలుడు అలా వచ్చిందేననీ చెప్పుకుంటారు. అది సగమే నిజం. ఆపేసి చేత్తో కొట్టినవి ఉన్నాయి. తను వాడిన అకాయ్ ఎంపీసీ 3000 డ్రమ్ మెషీన్ మీదే దెబ్బల్ని కావాలని ముందుకో వెనక్కో జరిపినవీ ఉన్నాయి. తడబాటులో అందం వెతికేవాళ్లకు ఈ రెండో సంగతి రుచించదు. నాకైతే పనితనమంతా అందులోనే కనిపిస్తుంది.

ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినండి. డిల్లా చాలా బీట్లలో హై హ్యాట్ (డ్రమ్ సెట్‌లోని జంట తాళాలు) నిలకడగా నడుస్తుంటుంది. స్నేర్ డ్రమ్ మాత్రం వెంట్రుకవాసి ముందే పడుతుంది. దాంతో కిక్ డ్రమ్ ఆలస్యంగా వస్తున్నట్టు తోస్తుంది. మన సంగీతంలోనూ పాటని తాళం కన్నా ముందో వెనకో ఎత్తుకునే అతీత, అనాగత గ్రహాలున్నాయి కదా అనొచ్చు. కానీ అక్కడి లెక్క పాడేవారికీ మృదంగానికీ ముందే తెలుసు. ఇక్కడ ఒకే తాళంలో రెండు నడకలు ఒరుసుకుంటుంటాయి, సర్దుకోవాల్సింది వినేవాడు.

డిల్లా ముడిసరుకు ఎక్కువగా పాత సోల్ రికార్డులు. అతని ‘డోనట్స్’ ఆల్బమ్‌లో 31 ముక్కలు, దాదాపు ఏదీ రెండు నిమిషాలు మించదు. అందులో ‘డోంట్ క్రై’ వినాలి. న్యూజెర్సీలోని రాహ్‌వే జైలు ఖైదీల బృందంగా మొదలైన ఎస్కార్ట్స్ పాటని ముందు ఉన్నదున్నట్టు కాసేపు వినిపిస్తాడు, గారడీవాడు ఖాళీ చేతులు చూపించినట్టు. ఆ తర్వాత దాన్నే చిన్నచిన్న తునకలు చేసి, ఇంకో వరసలో పేర్చి, మరో పాట తీస్తాడు. ఈ ఆల్బమ్ 2006 ఫిబ్రవరి 7న, అతని 32వ పుట్టినరోజున వచ్చింది. మూడు రోజులకు అతను పోయాడు.

డిల్లా బీట్ల తూలుడు నడకని మనుషులు మెషీన్ నుంచి నేర్చుకోవాల్సి రావడం నాకు భలే ఇష్టమైన ముచ్చట. లయ తప్పడని పేరున్న డ్రమ్మర్ క్వెస్ట్‌లవ్, గాయకుడు డి యాంజెలో ‘వూడూ’ ఆల్బమ్ (2000) కోసం పనిగట్టుకుని తప్పడం సాధన చేశాడు. ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ఆ తూలుడు ఒక్క క్లిక్‌తో వస్తోంది. చాలాచోట్ల అన్ని దెబ్బల్నీ ఒకే మోతాదులో వెనక్కి లాగి వదిలేస్తున్నారు. స్నేర్‌ని జరిపినవాడు హై హ్యాట్‌ని ఎందుకు ముట్టుకోలేదో వాళ్లు విన్నట్టు లేదు.