ఇనుప చెట్టుకు దండం

ఆటపాక ఇనుప చెట్టూ, నీకు దండం.

నీకు వేరు లేదు, చిగురు లేదు. తుప్పు తప్ప పూత ఎరగవు. అయినా చలి ముదిరే వేళకు నిండు చూలాలిలా బరువెక్కుతావు. గూడబాతులు వచ్చి నీ మీద పుల్లా పుడకా పేర్చుకుంటాయి.

కైకలూరు పక్కన, కొల్లేటి పక్షుల కేంద్రంలో, గూళ్లకు చెట్లు చాలక అటవీ శాఖవాళ్లు నిన్ను నిలబెట్టారు. వాళ్ల లెక్కల్లో నువ్వు స్టాండువి. నిన్ను శిల్పమని ఎవరూ అనలేదు. నేనంటాను. బెజవాడలో మా భవానీపురానికి దగ్గరే కొండపల్లి. అక్కడ పొణికి కర్రలోంచి పిట్టను తీస్తారు. నిన్ను అతికిన వెల్డరు ఇనుములోంచి పిట్ట కాలూనే చోటు తీశాడు. ఇద్దరిదీ ఒకే విద్య.

తల్లి వచ్చి వాలుతుంది. ముక్కు కింద సంచి, పూర్వం కాలవలోంచి చేలోకి నీళ్లు తోడిన గూడలా వేలాడుతుంది. ఆ పేరు అందుకే వచ్చిందేమో! పిల్ల ఆ సంచిలో మెడదాకా తల దూర్చి చేపను అందుకుంటుంది. ఆ కుదుపుకు తల్లి తూలుతుంది. నువ్వు మాత్రం కదలవు.

నీ కింద నీళ్లే నిలకడ తప్పాయి. కొల్లేరు రెండు డెల్టాల నడుమ పల్లం. మైలవరం కొండల్లో పుట్టిన మా బుడమేరు చేరేది అక్కడికే. 2024 సెప్టెంబరులో బెజవాడను ముంచింది ఆ ఏరే. 1999లో కొల్లేటిని అభయారణ్యం చేశారు. 2002లో చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో, సరస్సును ఆక్రమించిన చేపల చెరువుల గట్లు కొట్టేశారు. గట్లు మళ్లీ లేచాయి. ఎండలు ముదిరితే అడుగు నెర్రెలిస్తుంది, ఉప్పుటేరు గుండా సముద్రపు ఉప్పు ఎగదన్నుతుంది. ఉత్తరాన మంచు పడితే మనల్ని నమ్మి వచ్చే వలస పక్షులు ఎక్కడ దిగాలి?

చెట్టు లేకపోతే కమ్మీలతో కట్టుకున్నాం. సరస్సును ఏ కమ్మీతో కడతాం?

బెజవాడ వాళ్లారా, ఈ చలికాలం పిల్లల్ని ఆటపాక తీసుకెళ్లండి. ఆ ఇనుప చెట్టును చూపించండి. తిరిగొచ్చాక చెత్త సంచి బుడమేట్లో పడేయకండి. ఆ నీళ్లు వెళ్లేది కొల్లేటికే.