అద్దంలో చందమామ: పాత బొమ్మల పుస్తకాలు, వాటికి వేసే మార్కులు

పాత బొమ్మల పుస్తకాలకు మార్కులు వేయడం ఇప్పుడొక వృత్తి. అమెరికాలో 2000లో మొదలై, ఫ్లోరిడా కేంద్రంగా పనిచేస్తున్న సి.జి.సి. అనే సంస్థ పేరు బెంగళూరు సంగ్రాహకుల నోట కూడా వినిపిస్తున్నది. పుస్తకం పంపితే వారి నిపుణులు పరిశీలించి అర నుంచి పది వరకు ఒక అంకె ఇస్తారు. తరవాత దాన్ని పారదర్శకమైన గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి, తెరిస్తే తెలిసిపోయేటట్లు మూసి, అంకె అచ్చువేసిన చీటీతో సహా తిప్పి పంపుతారు. పెట్టె పగలగొట్టి పుస్తకం బయటికి తీస్తే ఆ అంకె చెల్లదు. 1938 నాటి 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచిక, ఎనిమిదిన్నర మార్కులు వచ్చిన ప్రతి, 2024 ఏప్రిల్‌లో 60 లక్షల డాలర్లకు వేలంలో పోయిందంటే ఆ అంకెకు ఎంత బలముందో ఊహించవచ్చు.

తాతల నాటి చందమామలనూ అమర చిత్ర కథలనూ ఇట్లా పంపి మార్కులు వేయించవచ్చునా అని మన విద్యార్థులు కొందరు అడుగుతున్నారు. ధర సంగతి మేము చెప్పగలిగింది కాదు. అయితే పుస్తకాన్ని చూసి దాని గురించి తీర్పు చెప్పడం ఏదైనా ఒక విధమైన విమర్శే. ఆ విమర్శ దేన్ని చూస్తున్నది, దేన్ని చూడటంలేదు అనేది సాహిత్య విద్యార్థులు విచారించదగిన విషయం.

ముందు ఆ అంకెల వెనక ఉన్న మాటలు చూడండి. ఈ పరిభాషలో 'గుడ్' అంటే పదికి రెండు. 'వెరీ గుడ్' అంటే నాలుగు, 'ఫైన్' ఆరు, 'వెరీ ఫైన్' ఎనిమిది. నిఘంటువు పట్టుకొని వెళ్లినవాడు 'గుడ్' అన్న మాట నమ్మి కొంటే, వెన్ను నలిగి, అట్ట మడతలు పడి, మూల చిరిగిన పుస్తకం చేతికి వస్తుంది. అమ్మేవాడు తన సరుకును చెడ్డదని అనడు కనుక మాటల విలువ మెట్టు మెట్టుగా దిగజారి, చివరకు మంచిదంటేనే నాసిరకమనే అర్థం స్థిరపడింది. మనకూ ఇట్లాంటివి లేకపోలేదు. బెంగళూరు తెలుగులో 'సుమారుగా ఉంది' అంటే అంతంత మాత్రమని. అవెన్యూ రోడ్డు పాతపుస్తకాలాయన 'పర్వాలేదు సార్' అన్నాడంటే పేజీలు లెక్కపెట్టుకోవడం మంచిది. పైమెట్టున ఉన్న 'మింట్' టంకశాల మాట. నాణెగాళ్ల పరిభాషలోంచి అది పుస్తకాల్లోకి వచ్చింది. అచ్చు నుంచి అప్పుడే వచ్చి, ఇంకా ఎవరి చేతా పడనిదని అర్థం. ఈ విమర్శకు ఆదర్శం ఏమిటో ఆ మాటే చెపుతుంది. చదవబడని పుస్తకమే ఉత్తమ పుస్తకం.

ఈ పద్ధతి వల్ల మేలు లేదని మేము అనము. వేల మైళ్ల దూరాన ఉన్నవాడు కళ్లతో చూడకుండా కొనేటప్పుడు మూడో మనిషి మాట కావలసిందే. చిరుగు అతికించి, వెలిసిన చోట రంగువేసి కొత్తదని అమ్మే మోసాలను ఈ పరీక్ష చాలావరకు పట్టుకుంటుంది. అట్లాంటి ప్రతులకు ఊదారంగు చీటీ, మామూలు ప్రతులకు నీలం చీటీ ఇచ్చే ఏర్పాటు బాగానే ఉంది.

అయితే ఈ కొలబద్దతో మన చందమామను కొలవబోతేనే చిక్కు. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో చందమామ ప్రారంభించిన నాటి నుంచీ మన ఇళ్లలో దాన్ని భద్రపరచిన పద్ధతి ఒక్కటే. సంవత్సరం పన్నెండు సంచికలూ చేర్చి బైండు చేయించడం. బైండరు ఏం చేస్తాడు? పిన్నులు పీకుతాడు, వెన్నుకు దారం కుడతాడు, మూడువైపులా అంచు సమంగా కోస్తాడు, తరచు లోపలి అట్టలు తీసేస్తాడు. మార్కుల వారి దృష్టిలో అంచు కోయడమంటే ప్రతి సహజస్థితిని మార్చడమే. అందుకు ఊదా చీటీ. అట్ట లేకపోతే అధమాధమం. మనదేశంలో పాత సంచికలు చెదకూ వానకూ తూకానికీ పోకుండా నిలిచాయంటే అందులో బైండు చేసిన సంపుటాల పాలు చాలా పెద్దది. ఏ పని పుస్తకాన్ని బతికించిందో దానికే ఇక్కడ మార్కులు కోత పడుతున్నాయి.

అద్దె పుస్తకాల దుకాణం రబ్బరు స్టాంపు, పిల్లవాడి పేరు, తరగతి, 'ఈ పుస్తకం దొంగిలించినవారికి కళ్లు పోవుగాక' అనే శాపం, ఇవన్నీ అక్కడ లోపాలే. మేము చూసిన ఒక సంపుటంలో ఫోటో వ్యాఖ్యల పోటీ పేజీలో ఎవరో పెన్సిలుతో తమ వ్యాఖ్య రాసుకున్నారు. రెండు ముక్కలు, ప్రాస కుదరక కొట్టివేసి, మళ్లీ మరో రెండు. పోటీకి పంపారో లేదో తెలియదు. పాఠకుడు పత్రికతో ఎట్లా మాట్లాడాడో చెప్పే సాక్ష్యం మాకు అంతకన్నా మంచిది దొరకలేదు.

ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. పెట్టెలో పెట్టిన పుస్తకంలో కనబడేది ముందు అట్ట, వెనక అట్ట మాత్రమే. చందమామ అనేక భాషల్లో వచ్చిన పత్రిక. వడ్డాది పాపయ్య వేసిన ముఖచిత్రం తెలుగుదాని మీద ఎట్లా ఉందో కన్నడ చందమామ మీదా అట్లాగే ఉంటుంది. లోపల శంకర్ వేసిన విక్రమార్కుడు ఏ భాషలోనైనా అదే శవాన్ని అదే భుజాన మోస్తాడు. మరి తెలుగు చందమామలో తెలుగు ఎక్కడుంది? లోపలి వాక్యంలో ఉంది. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా కొడవటిగంటి కుటుంబరావు ఆ పత్రికకు పనిచేసి దిద్దిన కథనభాషలో ఉంది. తెలుగునాటికి బయట పెరిగిన మనలో ఎంతమందికో ఆ భాషే తొలి వాచకం. బడిలో కన్నడం, ఇంట్లో ఏదో ఒక మాండలికం, ఈ రెంటికీ నడుమ అచ్చుతెలుగు వాక్యం ఎట్లా నడుస్తుందో నేర్పింది ఆ నెలనెలా వచ్చిన కాగితాలే. పెట్టె మూసినప్పుడు బయట మిగిలేది అన్ని భాషలకూ ఉమ్మడి అయిన బొమ్మ, లోపల చిక్కుకొనేది మన భాష. చందమామ కావాలని మారాం చేసిన బాలరాముడికి అద్దంలో చూపించారని మన పెద్దలు చెపుతారు. ఈ సంగ్రాహకుడికి దక్కేదీ ఆ అద్దంలోదే.

అమర చిత్ర కథల విషయం మరికొంత చిక్కుగా ఉంటుంది, పైగా అది మన ఊరి కథ. ఆ మాల అనంత్ పాయ్ సంపాదకత్వంలో 1967లో బొంబాయిలో మొదలైందని అందరూ చెప్పుకొనేదే. కాని ఇండియా బుక్ హౌస్ బెంగళూరు శాఖలో పనిచేసిన జి.కె. అనంతరామ్ అంతకుముందే, 1965లో, కన్నడంలో ఈ పేరుతో పుస్తకాలు తెచ్చాననీ, వాటి అమ్మకం చూసే ప్రధాన కార్యాలయం ముందుకు వచ్చిందనీ చెప్పారు. మొదటి పది సంఖ్యలూ విదేశీ జానపద కథలవి. రామ్ వాయీర్కర్ బొమ్మలు వేసిన 'కృష్ణ'కు 11వ సంఖ్య ఎందుకు వచ్చిందో దీన్నిబట్టి అర్థమవుతుంది. ఇంగ్లీషు ప్రతులను మాత్రమే పోగుచేసేవారికి 11తో మొదలయ్యే ఈ వరస వింతగానే ఉంటుంది.

ఈ పుస్తకాలు లెక్కలేనన్నిసార్లు పునర్ముద్రణ పొందాయి. ఒక ప్రతి ఏ ముద్రణదో తేల్చాలంటే అట్టమీది ధర, ప్రకాశకుల చిరునామా, అట్ట లోపలివైపు ఇచ్చిన శీర్షికల జాబితా ఎక్కడిదాకా వచ్చింది, ఇవన్నీ చూడాలి. ఇది గ్రంథ పరిష్కర్త పని. మార్కులు వేసేవారు చెప్పేది ప్రధానంగా కాగితం స్థితి. పది పదిహేనేళ్ల తరవాతి ముద్రణ నిగనిగలాడుతూ తొమ్మిదిన్నర తెచ్చుకోవచ్చు, తొలి ముద్రణ నలిగి రెండుతో సరిపెట్టుకోవచ్చు. పైగా తెలుగు ప్రతులు అక్కడికి వెళ్లేవి బహు స్వల్పం. వెళ్లిన ఒకే ఒక ప్రతి 'ఇంతవరకు వచ్చినవాటిలో అత్యుత్తమం' అవుతుంది. ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షం.

పోనీ, కాగితం స్థితి గురించైనా ఆ అంకె తిరుగులేనిదా? విడదీసి మళ్లీ పంపితే అదే ప్రతికి వేరే అంకె రావడం సంగ్రాహకులందరికీ తెలిసిన విషయమే. ఎంతైనా కళ్లతో చూసి చెప్పే తీర్పు కదా. పుస్తకాన్ని తేమతో, వేడితో అదిమి మడతలు పోగొట్టి అంకె పెంచుకోవడం ఒక ఉపవృత్తి అయింది. దాన్ని మరమ్మతుగా లెక్కించరు, పైగా ఆ పనిచేసే సంస్థ ఒకటి మార్కులు వేసే సంస్థ కూటమిలోదే. 2023 చివర బయటపడిన వ్యవహారం ఇంతకన్నా ఆలోచించదగ్గది. పెట్టె గీతలుపడితే కొత్త పెట్టె వేసి ఇచ్చే సదుపాయం ఒకటి ఉంది. ఎక్కువ మార్కుల పెట్టెలోంచి అసలు పుస్తకం తీసి, తక్కువ రకం ప్రతి పెట్టి పంపితే, అది పాత అంకెతోనే సరికొత్త పెట్టెలో తిరిగివచ్చింది. సంస్థ తానే 2024లో అనుమానిత ప్రతుల జాబితా ప్రకటించి కోర్టుకు వెళ్లింది. దోషం మోసగాడిదే అనుకున్నా, అది అంతకాలం సాగడానికి కారణం ఒకటే. అందరూ చీటీని చదివారు, పుస్తకాన్ని ఎవరూ చదవలేదు.

మన దగ్గర ఇంతకన్నా పాత పద్ధతి ఒకటుంది. మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం వర్ణనాత్మక సూచికలు తిరగవేసిన విద్యార్థులకు అది తెలుసు. తాళపత్ర ప్రతికి అక్కడ అంకె ఉండదు. పత్రాలెన్ని, లిపి ఏది, సమగ్రమా అసమగ్రమా, శిథిలమైతే ఎక్కడ, ఆరంభం ఏమిటి, అంతం ఏమిటి, ఇవి ఉంటాయి. బ్రౌను కడప బంగళాలో పండితులను కూర్చోబెట్టి ఒకే గ్రంథానికి ఎన్నో ప్రతులు పోల్చి చూయించినప్పుడు చెడిన ప్రతినీ వదులుకోలేదు. మంచి ప్రతిలో తప్పుపోయిన పాఠం పురుగు తిన్న ప్రతిలో దొరకవచ్చునని ఆయనకు తెలుసు.

కనుక మా సలహా ఇది. ఇంట్లో పాత సంచికలున్న విద్యార్థి ముందు ఒక నోటుబుక్కు తీయాలి. సంపుటి, సంచిక, నెల, ధర, పేజీల సంఖ్య, లేని పేజీలు, అట్ట ఉందా లేదా, కోతపడిన అంచు, స్టాంపు మీది ఊరు, ఎవరి రాత ఏ పేజీలో ఉంది, ఇవన్నీ రాసుకోవాలి. సెలో టేపు అతికించవద్దు, అది కాగితాన్ని పసుపుపచ్చగా కాలుస్తుంది. పిన్ను తుప్పుపడితే మెల్లగా తీసి దారంతో కుట్టండి, మార్కులు పోతే పోనీయండి. అమ్ముకోవలసిన అవసరం వస్తే అమ్ముకోవచ్చు, అది తప్పుకాదు. పెట్టెలోకి పంపేముందు మాత్రం ప్రతి పేజీ స్కాను చేయించండి. చందమామ అచ్చు 2010ల్లో ఆగిపోయింది. పాత సంచికలు ఇవాళ తెర మీద చదువుకోగలుగుతున్నామంటే ఎవరో వాటిని విప్పి పరచినందువల్లనే.

ఈ సత్రంలో మొదటి ఏడాది విద్యార్థులకు ఒక పని ఇస్తున్నాము. ఒకే నెల తెలుగు, కన్నడ చందమామలు సంపాదించి, ఒకే బేతాళ కథను పక్కపక్కన పెట్టి, రాజు మాట్లాడే చోట్ల రెండు భాషల్లోనూ క్రియారూపాలు, మర్యాద ప్రత్యయాలు పట్టిక వేసి తీసుకురావాలి. అట్టలు లేకపోయినా ఫరవాలేదు.