సెర్చ్ ఇంజన్ లెక్కలు సాక్ష్యమవుతాయా? – కిల్‌గరిఫ్ వ్యాసంపై విమర్శ

పరిచయం

తెలుగులో అక్షరదోషాలు దిద్దే సాఫ్ట్‌వేర్ ఒకటి మీరు తయారుచేస్తున్నారనుకుందాం. 'వెళ్లు' సరైన రూపమా, 'వెళ్ళు' సరైన రూపమా అనే సందేహం వచ్చింది. రెండింటినీ సెర్చ్ ఇంజన్‌కు పంపి, ఎక్కువ ఫలితాలు వచ్చిన రూపాన్ని తీసుకోవడం సులువుగా తోస్తుంది. ఇలాంటి పద్ధతిని బ్రిటిష్ భాషాశాస్త్రవేత్త ఆడం కిల్‌గరిఫ్ 2007లో 'కంప్యుటేషనల్ లింగ్విస్టిక్స్' పత్రికలో గట్టిగా ఖండించారు. ఆ వ్యాసం పేరు 'గూగులాలజీ ఈజ్ బ్యాడ్ సైన్స్'. గూగుల్ చూపే అంకెల మీద కట్టిన పరిశోధన మంచి శాస్త్రం కాదని దాని సారం. ఈ వాదంలోని బలాన్ని, లోటును పరిశీలిద్దాం.

వ్యాసకర్త వాదం

కిల్‌గరిఫ్ చెప్పే అభ్యంతరాలు ప్రధానంగా నాలుగు. ఒకటి, సెర్చ్ ఇంజన్ పదాన్ని వ్యాకరణపరంగా విశ్లేషించదు. రెండు, వెతకడానికి అది ఇచ్చే వీలు చాలా తక్కువ. మూడు, ఎన్ని ప్రశ్నలు పంపవచ్చు, ఎన్ని ఫలితాలు చూడవచ్చు అన్నదానికి హద్దులున్నాయి. నాలుగు, అది లెక్కించేది పేజీలను. పద ప్రయోగాలను కాదు. ఒక పేజీలో ఒక మాట యాభైసార్లు వచ్చినా లెక్కలోకి వచ్చేది ఒక్క పేజీయే. పైగా ఈరోజు చూసిన అంకె రేపు అదే ప్రశ్నకు రాకపోవచ్చు.

ఆయన సూచించిన మార్గం సూటిగా ఉంటుంది. పరిశోధకులే వెబ్ పేజీలను సేకరించి, శుభ్రపరచి, నకళ్లు తొలగించి, సొంత కార్పస్‌ను, అంటే పరిశోధనకు పనికివచ్చే పాఠాల నిధిని, నిర్మించుకోవాలి. జర్మన్, ఇటాలియన్ భాషలకు వంద కోట్లకు పైగా పదాలతో ఇటువంటి కార్పస్‌లు తయారయ్యాయి కూడా.

తెలుగుకు అన్వయం

మొదటి అభ్యంతరం తెలుగుకు మరింత బలంగా వర్తిస్తుంది. 'ఇల్లు' అనే మాటను తీసుకోండి. వాక్యంలో అది 'ఇంటికి', 'ఇంట్లో', 'ఇళ్లు', 'ఇళ్లలో' అవుతుంది. ప్రాతిపదికే మారిపోతున్నప్పుడు 'ఇల్లు' అనే ఒక్క రూపానికి వచ్చిన అంకె ఆ మాట వాడుకను చెప్పదు.

అయితే ఆయన చూపిన మార్గం తెలుగుకు అప్పట్లో అంత సులువు కాదు. ఆ రోజుల్లో చాలా తెలుగు పత్రికల వెబ్‌సైట్లు యూనికోడ్‌లో కాక సొంత ఫాంట్లలో ఉండేవి. వాటిని సేకరించినా కంప్యూటర్‌కు అందేది అర్థంలేని గుర్తుల వరుసే. యూరప్ భాషల అనుభవం నుంచి రాసిన వ్యాసంలో ఈ కోణం లేదు.

వ్యాసంలోని లోటు

ప్రశ్నల పరిమితిని వ్యాసం పరిశోధకుడికి ఎదురయ్యే ఇబ్బందిగా చూస్తుంది. నిజానికి అది ఒక ఒప్పందంలోని షరతు. గూగుల్ 2002లో సాఫ్ట్‌వేర్ల కోసం ఏపీఐ ఇచ్చినప్పుడు రోజుకు 1,000 ప్రశ్నలే అని ముందే చెప్పింది. 2006 డిసెంబరులో కొత్తవారికి అనుమతి కీలు ఇవ్వడం మానేసింది. ఇచ్చినవారికి ఆపే హక్కు కూడా ఉంటుందని దీన్నిబట్టి గ్రహించాలి.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. గూగుల్ ఏపీఐల సేవా నిబంధనల ప్రకారం, ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప, వచ్చిన సమాచారంతో డేటాబేసు కట్టకూడదు, శాశ్వత ప్రతులు ఉంచుకోకూడదు. ఏపీఐని వదిలి, ప్రోగ్రాముతో శోధన పేజీలనే లాగుదామంటే, గూగుల్ తన రోబోట్స్ ఫైలులో శోధన ఫలితాల పేజీలను యంత్రాలకు మూసి ఉంచింది. ఆ ఫైలును కాదని యంత్రాలతో ప్రవేశించడం దాని నిబంధనలకు విరుద్ధం. కాబట్టి నిబంధనలు పాటిస్తే మీ దగ్గర ఆధారం మిగలదు. ఆధారం దాచుకుంటే నిబంధన తప్పుతుంది. ఇంకొకరికి చూపలేని అంకె సాక్ష్యం కాదు. శాస్త్రీయత, అనుమతి రెండు వేర్వేరు ప్రశ్నలని చాలామంది అనుకుంటారు. ఈ సందర్భంలో అవి ఒకే ప్రశ్నకు రెండు ముఖాలు. కిల్‌గరిఫ్ మొదటి ముఖాన్ని స్పష్టంగా చూపారు. రెండోదాన్ని మనం చేర్చుకుని చదవాలి.

ఆయన చెప్పిన సొంత సేకరణకూ ఇదే వర్తిస్తుంది. ఏ వెబ్‌సైటుకైనా రాసినవారు, నడిపేవారు ఉంటారు. రోబోట్స్ ఫైలు అడ్డుచెప్పనంత మాత్రాన కాపీహక్కు మనకు రాదు.

మీరు చేయదగినది

తెలుగు వికీపీడియా 2003లో మొదలైంది. దాని పాఠాన్నంతటినీ ఒకేసారి దింపుకోవచ్చు. మూలాన్ని పేర్కొని, అవే షరతులతో పంచుకుంటే తిరిగి వాడుకోవచ్చు. దీనికీ పరిమితి ఉంది: అందులోది విజ్ఞాన సర్వస్వ భాష, సంభాషణల భాష తక్కువ. కానీ ఏ తేదీ ప్రతిని వాడారో చెబితే, మీ లెక్కను మరొకరు తిరిగి చేసి తప్పొప్పులు చెప్పగలరు. పెద్ద అంకె కన్నా ఇలా సరిచూడగల చిన్న అంకె మేలు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పేజీల సంఖ్యకూ పద ప్రయోగాల సంఖ్యకూ తేడా ఏమిటి?
2. 'చెయ్యి' అనే మాటకు విభక్తులు చేరినప్పుడు వచ్చే రూపాలు రాసి, వాటిని లెక్కించడంలో ఎదురయ్యే సమస్యను వివరించండి.
3. సేవా నిబంధనలు పాటించడం పరిశోధన విశ్వసనీయతతో ఎలా ముడిపడి ఉందో చర్చించండి.