ప్రదర్శనలో గోండు: చూపినదీ, దాచినదీ

1868లో నాగపూరులో ఒక ప్రభుత్వ నివేదిక అచ్చయింది. 1866-67 జబల్‌పూర్ ప్రదర్శనకు తీసుకొనివచ్చిన ఆదివాసులను పరీక్షించిన కమిటీ నివేదిక అది. దాని శీర్షికలోనే ఆ మనుషులకు పెట్టిన పేరు 'నమూనాలు'. మా సుల్తానాబాద్‌లో రైసుమిల్లులెక్కువ. బండి ఆగగానే బస్తాలోంచి గుప్పెడు మచ్చు తీసి, అరచేతిలో నలిపి చూసి, మొత్తం వడ్లకు ధర కడతారు. మచ్చుకు నోరుండదు. ధర కట్టే హక్కు చూసేవాడిది. జబల్‌పూర్‌లో మనిషికి జరిగింది కూడా ఇదే.

సర్కారు నివేదికతో సాహిత్య విమర్శకు పనేమిటని కొందరు అడగవచ్చు. నివేదిక కూడా రచనే. దానికీ ఒక కర్త వున్నాడు, ఒక పాఠకుడున్నాడు. అందులో ఎవరు కర్తగా నిలిచారో, ఎవరు కర్మగా మిగిలారో వ్యాకరణం చదువుకున్నవాళ్లం మనం అడగకపోతే మరెవరు అడుగుతారు?

ఈ ఆలోచనకు మూలం కలకత్తాలో వుంది. 1860ల మధ్యలో అక్కడి ఏషియాటిక్ సొసైటీలో డాక్టర్ జోసెఫ్ ఫేరర్ ఒక ప్రతిపాదన చేశాడు. నానాజాతుల మనుషులను రప్పించి అరల్లో కూర్చోబెట్టాలి. పండితులు వాళ్లను పరిశీలించాలి, బొమ్మలు తీయాలి. జార్జ్ క్యాంప్‌బెల్ అనే అధికారి దీనిని బలపరుస్తూ పొదుపు మార్గం కూడా సూచించాడు. ఆదివాసులను కూలి డబ్బులకే రప్పించవచ్చు. ప్రదర్శన మైదానం బాగుచేసే పని వాళ్లచేతనే చేయించవచ్చు. నిర్ణీత వేళల్లో జనుల విజ్ఞానం కోసం వచ్చి కూర్చుంటారు. ఒక పూట కూలీ, ఒక పూట నమూనా. మనిషి శ్రమను వాడుకున్న చేతికే అతని రూపం కూడా కావలసివచ్చింది. వలసపాలన స్వభావాన్ని ఇంతకంటె సూటిగా చెప్పిన వాక్యం దాని శత్రువులు కూడా రాయలేదేమో!

కలకత్తా మహాసభ జరగలేదు. ఎందుకు జరగలేదో డాల్టన్ 1872లో వెలువరించిన బెంగాల్ జాతుల గ్రంథం ముందుమాటలో వుంది. కొండజాతులవారిని కలకత్తాకు తెచ్చి తిరిగి పంపేలోగా చావులు తప్పవని అస్సాం అధికారి హెచ్చరించాడు. పాలనకు పూర్తిగా లొంగని తెగలవారు చనిపోతే రాజకీయంగా చిక్కులు వస్తాయన్న జంకు కూడా వుంది. మనిషిని అరలో కూర్చోబెట్టడం తప్పన్న మాట ఆ లెక్కలో ఎక్కడా లేదు. చావు ఖరీదు ఎక్కువైంది గనుక మానుకున్నారు.

మరి జబల్‌పూర్ ప్రదర్శన ఎలాంటి కాలంలో జరిగింది? అంతకు ముందు ఏడాదే, 1865లో, మొదటి భారత అటవీ చట్టం వచ్చింది. రైలుపట్టాల కిందికి దుంగలు కావాలి. దుంగలు కావాలంటే అడవి సర్కారుది కావాలి. 1878 చట్టం ఆ ఉచ్చును ఇంకా బిగించింది. అంటే ఒక చేయి గోండును పందిరి కిందికి తెచ్చి చూపుతున్నది, మరొక చేయి అతని అడవికి గీత గీస్తున్నది. నివేదికలో అతని పోలికలకు చోటుంది, ఆచారాలకు చోటుంది, మాటల పట్టికకు చోటుంది. నీ పోడు ఎవరు తీసుకున్నారన్న ప్రశ్నకు మాత్రం చోటు లేదు. కనుక నేను చెప్పదలచింది ఇదే: వలస ప్రదర్శన చూపింది దాచడానికే. మనిషిని అతని నేలనుంచి పెకలించి వింతగా నిలబెడితే, ఆ నేల సంగతి చూసేవాడికి తట్టదు.

ఐరోపాలోనూ ఇదే నాటకం నడిచింది. 1897లో బెల్జియం రాజు రెండవ లియోపోల్డ్ బ్రస్సెల్స్ దగ్గరి టెర్వూరెన్‌కు 267 మంది కాంగో వాసులను తెప్పించి గుడిసెల్లో చూపించాడు. వారిలో ఏడుగురు అక్కడే చనిపోయారు. అదే కాలంలో కాంగోలో రబ్బరు కోసం జరుగుతున్న ఘోరాన్ని ఆ గుడిసెలు చూపలేదు. 1931 పారిస్ వలస ప్రదర్శన నాటికి రచయితలు మేల్కొన్నారు. ఎల్యువార్, బ్రెటన్, ఆరగాన్ ప్రభృతులు దానిని చూడవద్దని కరపత్రం వేశారు. కమ్యూనిస్టులతో కలిసి వలసల నిజస్వరూపం చూపే పోటీ ప్రదర్శన పెట్టారు. అందులో క్రైస్తవ విగ్రహాలకు ఐరోపావారి క్షుద్రదేవతలన్న చీటీ తగిలించారు. చీటీ రాసే చేయి మారితే చూసేవాడే చూడబడేవాడవుతాడు! లక్షలాది జనం వెళ్లిన అసలు ప్రదర్శన ముందు అది చిన్నదే. అయినా రచయితల బాధ్యత ఏమిటో తేల్చింది.

మధ్య పరగణాలు మనకు దూరమేమీ కాదు. కాళేశ్వరం దగ్గర నది దాటితే సిరొంచ. 1860లో నిజాం ఇంగ్లీషువారికి వదిలిన ప్రాంతమది. గోండులకు ఆ సరిహద్దు లేదు. ఇవతలి ఆదిలాబాద్ అడవుల్లో అటవీశాఖ గీతలు పడ్డాక 1940లో కొమురం భీం జోడేఘాట్‌లో ప్రాణమిచ్చింది ఆ గీతలకు ఎదురు నిలిచే. ఆ తర్వాత వచ్చిన హైమెన్‌డార్ఫ్ కూడా కొలిచినవాడే, ఫొటోలు తీసినవాడే. కాని అతడు ఒక పని అదనంగా చేశాడు: గోండు చెప్పిన ఫిర్యాదు రాసుకున్నాడు. మార్లవాయిలో బడి పెట్టించాడు. 1949 నాటికి సుమారు 1,60,000 ఎకరాలకు ఆదివాసులు పట్టాలు పొందడం వెనుక ఆ కృషి వుంది. అతడు కూడా నిజాం ప్రభుత్వ సేవకుడే, ఉద్యమం భయంతోనే సర్కారు అతని మాట విన్నదనే మిత్రులున్నారు. నిజమే. అయినా కొలబద్ద పట్టినవాడికీ, చెవి ఒగ్గినవాడికీ తేడా చూడకపోతే మన విమర్శ గుడ్డిదవుతుంది. ఆ భూములు తిరిగి ఎలా చేజారిపోయాయో 1982లో అతడే మళ్లీ రాశాడు.

తెల్లవాడిని తిట్టి మన సాహిత్యాన్ని వదిలేస్తే అది సగం విమర్శే. ప్రబంధాల్లో వేట వచ్చిందంటే చెంచులు, ఎరుకులు బారులు తీరుతారు. వేట ముగియగానే వాళ్లూ ముగుస్తారు. మన సినిమాలో కోయదొర వచ్చీరాని తెలుగులో జోస్యం చెప్పి నవ్వించి పోతాడు. అతని వూరేదో, భూమెక్కడో ఎవరూ అడగరు. సాహు, అల్లం రాజయ్యల 'కొమురం భీం' నవల గొప్పతనం ఇక్కడే వుంది. అందులో గోండు వర్ణనీయ వస్తువు కాడు. కథ నడిపేవాడు అతడే.

ఇక నా సంగతి చెప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం మా ప్రాంతంలోని ఒక కళాశాల వార్షికోత్సవంలో ఒక గోండు విద్యార్థి చేత గుస్సాడీ ఆడించాం. సంక్రాంతి దాటింది. నెమలి ఈకల కిరీటానికి చప్పట్లు మోగాయి. దిగి వచ్చి అతడు నాతో అన్నాడు: "సార్, ఇది దీపావళికి కట్టేది. ఇప్పుడు కడితే మా పెద్దలు కోప్పడ్తరు. అయినా మీరు చెప్పిండ్రని కట్టిన. మా ఊరి పట్టాల గురించి రెండు మాటలు మాట్లాడనిస్తరా?" కార్యక్రమ పట్టిక నా చేతిలోనే వుంది. సమయం లేదన్నది నేనే. ఆ తర్వాత ముఖ్య అతిథి ముప్పావుగంట ఆదివాసీ సంస్కృతి మీద మాట్లాడాడు.

జబల్‌పూర్ కమిటీని చదివినప్పుడల్లా నాకు ఆ పట్టిక గుర్తుకు వస్తుంది. పందిరి కట్టింది తెల్లవాడు కావచ్చు. దాని కింద నిలబడి చప్పట్లు కొట్టే అలవాటు మనకూ అబ్బింది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండులు ఏ వేషమూ కట్టకుండా, భూమి మాట్లాడడానికే వచ్చారు. అప్పుడు వారికి ఎదురైంది తుపాకి. చచ్చినవారు 13 మంది అన్నది సర్కారు. ఆ లెక్కను ప్రజలు ఈనాటికీ ఒప్పుకోలేదు. ఆడితే చప్పట్లు, అడిగితే తూటాలు!

కాబట్టి ఆదివాసుల మీద వచ్చే ప్రతి కథనూ, కవితనూ, మ్యూజియాన్నీ, వేదికనూ ఒకే ప్రశ్నతో పరీక్షిద్దాం: ఇక్కడ అతడు కనబడుతున్నాడు సరే, వినబడుతున్నాడా? అతని పక్కన అతని నేల కనబడుతున్నదా? వచ్చే వార్షికోత్సవానికి పట్టిక తయారుచేసే మిత్రులకు నా మనవి ఒక్కటే. ఆట వుంటే వుండనివ్వండి, దాని కాలం దానికుంది. మాటకు మాత్రం ముందు సమయం రాయండి.